ఒయ్‌ద: ‘చూశాను’ నుంచి ‘తెలుసు’ దాకా ఒక గ్రీకు క్రియ

ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం సందేహంతో ముగుస్తుంది. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో, దీన్ని ఎవరైనా చేశారో లేదో పరమ వ్యోమంలో ఉన్న అధ్యక్షుడికి తెలిసి ఉండాలి: “సో అంగ వేద యది వా న వేద”. ఆయనకు తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో. ఇక్కడ రెండుసార్లు వచ్చిన ‘వేద’ గ్రంథం పేరు కాదు, అసలు నామవాచకమే కాదు. ‘అతనికి తెలుసు’ అని చెప్పే పూర్తి క్రియారూపం.

ఈ పాదాన్ని ప్రాచీన గ్రీకులో చెప్పాలంటే ఆ రెండు చోట్లా ‘ఒయ్‌దె’ అనాలి. ‘నాకు తెలుసు’ అయితే ‘ఒయ్‌ద’. గ్రీకు వ్యాకరణం చదివేవాళ్లు ఈ క్రియను అపవాదాల, అంటే నియమానికి లొంగని రూపాల, జాబితాలో చూసి, కంఠస్థం చేసి ముందుకు వెళ్లిపోతారు. ఒకటో పురుషకూ రెండో పురుషకూ పొంతన ఉండదు, ఏకవచనానికీ బహువచనానికీ పోలిక కనిపించదు, పైగా రూపం ఒక కాలానిది, అర్థం ఇంకో కాలానిది. నిజానికి ఇందులో అడ్డదిడ్డంగా ఉన్నది చాలా తక్కువ. ఒక పాత నియమం మిగతా క్రియల్లో చాలావరకు చెరిగిపోయి ఇక్కడ నిలిచింది. అందుకే ఇది వింతగా కనిపిస్తుంది.

లిపి గురించి ఒక మాట. గ్రీకులో ఎ, ఏ తేడా ఉంది, ఒ, ఓ తేడా ఉంది. నాగరి లిపికి ఈ హ్రస్వ దీర్ఘాల భేదం చూపడం కష్టం, తెలుగుకు అది పుట్టుకతో వచ్చింది. థ, ఫ, ఖ అనే ఒత్తు అక్షరాలు కూడా ప్రాచీన గ్రీకు ఉచ్చారణకు సరిగ్గా అతుకుతాయి. కాబట్టి ఈ రూపాలను తెలుగులో రాసుకుంటే పోయేది పెద్దగా ఏమీ లేదు.

రూపం ఒకటి, కాలం ఇంకొకటి

ఒయ్‌ద మూలధాతువుకు అర్థం ‘చూడు’. లాటిన్‌లో అదే ధాతువు నుంచి ‘విదెఓ’ అంటే ‘చూస్తున్నాను’ అనే క్రియ వచ్చింది. ఇప్పుడు ఇంటింటా వాడే ‘వీడియో’ దాని నుంచి తయారైన మాటే. గ్రీకులో ‘చూశాను’ అనడానికి ‘ఎయ్‌దొన్’ అనే రూపం ఉంది. ఒయ్‌ద కూడా ఆ ధాతువుదే, కానీ అది పర్ఫెక్ట్ రూపం. సంస్కృతంలో భూతకాల రూపాల్లో ఒకటైన లిట్ లకారానికి సాటి వచ్చేది అది.

గ్రీకు పర్ఫెక్ట్ తొలినాళ్లలో జరిగిపోయిన పనిని వర్ణించే కాలం కాదు. పని ముగిశాక మనిషి ఏ స్థితిలో ఉన్నాడో చెప్పేది. ‘తెథ్నేక’ అంటే ‘చచ్చి ఉన్నాను’, ‘హెస్తేక’ అంటే ‘లేచి నిలబడి ఉన్నాను’, ‘మెమ్నేమయ్’ అంటే ‘జ్ఞాపకం ఉంది’. ఆ వరసలోనే ఒయ్‌ద: చూసేశాను, కనుక ఇప్పుడు నాకు తెలుసు. తెలుగులోనూ ఒక విషయం బుర్రకెక్కిన క్షణంలో ‘అర్థమవుతుంది’ అనం, ‘అర్థమైంది’ అంటాం. రూపం భూతకాలానిది, చెబుతున్నది ఇప్పటి స్థితి గురించి. తెలుగులో అది సందర్భాన్ని బట్టి సాగే వాడుక. ఒయ్‌దలో మాత్రం చూడడం అనే అర్థం పూర్తిగా వెనక్కి తగ్గి, తెలియడం ఒక్కటే మిగిలింది. ఒక సంగతి ఒయ్‌ద అన్న గ్రీకుడు దాన్ని కళ్లారా చూశానని చెబుతున్నట్టు కాదు.

గ్రీకు పర్ఫెక్ట్‌కు సాధారణంగా మొదటి హల్లు ద్విత్వం పొందుతుంది: తెథ్నేకలో తె, మెమ్నేమయ్‌లో మె. ఒయ్‌దకు అది లేదు. సంస్కృత ‘వేద’కూ లేదు. సంస్కృతంలో దృశ్ ధాతువుకు ‘దదర్శ’, కృ ధాతువుకు ‘చకార’ అని ద్విత్వంతో లిట్ రూపాలు వస్తుంటే వేద ఒక్కటే ఒంటరిగా నిలుస్తుంది. రెండు భాషలూ ఒకే క్రియ దగ్గర, ఒకే విధంగా నియమం తప్పాయి. వేర్వేరుగా తప్పి ఉంటే ఇలా కలవదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న చుట్టరికం ధాతువుల్లోనే కాక వ్యాకరణ రూపాల్లోనూ ఉందని అన్నప్పుడు ఆయన ఉద్దేశించినది ఇలాంటి పోలికలనే. ధాతువులు ఒక భాష నుంచి ఇంకో భాషకు అరువు వెళ్లవచ్చు. అపవాదాలు అరువు వెళ్లడం అరుదు.

పాణిని కూడా ఈ క్రియ దగ్గర ఆగాడు. “విదో లటో వా” అనేది అష్టాధ్యాయిలో మూడో అధ్యాయపు సూత్రం. విద్ ధాతువుకు వర్తమాన కాలంలో, అంటే లట్‌లో, లిట్ ప్రత్యయాలు వికల్పంగా రావచ్చునని దాని భావం. అందుకే ‘వేత్తి, విత్తః, విదంతి’ ఒప్పే, ‘వేద, విదతుః, విదుః’ కూడా ఒప్పే. పాణినికి గ్రీకుతో పోల్చి చూడాల్సిన అవసరం లేకపోయింది. తన భాషలోని వాడుకను గమనించే ‘లిట్ ప్రత్యయం, లట్ అర్థం’ అని తేల్చేశాడు. గ్రీకు వ్యాకరణ పుస్తకాలు ఒయ్‌ద గురించి ‘పర్ఫెక్ట్ రూపం, వర్తమాన అర్థం’ అని రాసే వాక్యమూ సరిగ్గా అదే.

ఇక్కడో తమాషా ఉంది. అదే అష్టాధ్యాయి లిట్‌ను “పరోక్షే లిట్” అని నిర్వచిస్తుంది. చెప్పేవాడి కంటికి అందని గతానికి వాడే కాలం అది. కంటికి అందినదే ఎరుక అని పుట్టిన వేద చివరికి కంటికి అందని వాటి కాలానికి చెందిన ప్రత్యయాలను తొడుక్కుని కూర్చుంది.

పట్టికలోని తర్కం

ఏకవచనంలో గ్రీకు రూపాలు: ఒయ్‌ద (నాకు తెలుసు), ఒయ్‌స్థ (నీకు తెలుసు), ఒయ్‌దె (అతనికి తెలుసు). సంస్కృతంలో: వేద, వేత్థ, వేద. బహువచనంలో గ్రీకు: ఇస్మెన్ (మాకు తెలుసు), ఇస్తె (మీకు తెలుసు), ఇసాసి (వాళ్లకు తెలుసు). సంస్కృతం: విద్మ, విద, విదుః. ఇద్దరికి మాత్రమే వర్తించే ద్వివచనం కూడా గ్రీకులో ఉంది, ‘ఇస్తొన్’ అని. సాహిత్యంలో అది పెద్దగా ఎదురుపడదు.

ఏకవచనంలో ‘ఒయ్’, బహువచనంలో ‘ఇ’. సంస్కృతంలో ఏకవచనంలో ‘ఏ’, బహువచనంలో ‘ఇ’. మన వ్యాకరణ పరిభాషలో మొదటిది గుణం పొందిన రూపం, రెండోది పొందనిది. గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలో ‘వైట్’ అంటే ‘నాకు తెలుసు’, ‘విటుం’ అంటే ‘మాకు తెలుసు’. నేటి జర్మన్‌లోనూ ‘ఇష్ వైస్’, ‘వియ విస్సెన్’ అంటూ అచ్చు అలాగే మారుతుంది. ఏకవచనంలో స్వరం బలపడి బహువచనంలో తగ్గడం ఈ భాషలన్నిటికీ మూలమైన భాషలోని పద్ధతి. గ్రీకు మిగతా క్రియల్లో దాన్ని చాలావరకు చదును చేసుకుంది. రోజూ నోట నానే క్రియ కాబట్టి ఒయ్‌దలో చాలాకాలం నిలిచింది. ఎక్కువగా వాడే మాటల్లోనే పాత వంకరలు మిగలడం చాలా భాషల్లో కనిపించే సంగతి.

ఒయ్‌స్థలో సకారం ఎక్కడిది? ధాతువు చివర దకారం ఉంది, దాని వెంట ‘థ’ అనే ప్రత్యయం చేరింది. ద, థ కలిసినప్పుడు సంస్కృతం ‘త్థ’ చేసింది, కనుక వేత్థ. గ్రీకు ‘స్థ’ చేసింది, కనుక ఒయ్‌స్థ. ఇస్తెలోని సకారం కూడా అలా పుట్టినదే. ‘మాకు తెలుసు’ అనే ఇస్మెన్‌లో మాత్రం సకారానికి ధ్వనిశాస్త్రపరంగా హక్కు లేదు. దకారం పక్కన మకారం వస్తే సకారం పుట్టక్కర్లేదు. గ్రీకుల ఆదికవి హోమర్ కావ్యాల్లో ఆ రూపం ‘ఇద్మెన్’ అనే ఉంది. ఏథెన్స్ వాళ్లు పక్కనున్న ఇస్తెను చూసి దీన్నీ ఇస్మెన్ చేశారు. పట్టికలో నిజంగా అక్రమం అని ఒకదాన్ని వేలెత్తి చూపాలంటే అది ఒయ్‌ద కాదు, నున్నగా కనిపించే ఈ ఇస్మెనే.

విధిరూపం ‘ఇస్థి’, అంటే ‘తెలుసుకో’. దీనికి సంస్కృత జోడీ తెలుగు పాఠకులు గీతలో చాలాసార్లు విన్నదే: “తద్విద్ధి ప్రణిపాతేన”. విద్ ధాతువు, ‘ధి’ ప్రత్యయం. సంస్కృతంలో విద్ధి అయింది, గ్రీకులో ఇస్థి అయింది. అదే ద, థల సంధి ఇక్కడా పనిచేసింది. గ్రీకు విద్యార్థులను తికమక పెట్టే సంగతి ఇంకోటుంది. ‘ఉండు’ అనే క్రియకు కూడా విధిరూపం ఇస్థియే. రెండూ వేర్వేరు ధాతువుల నుంచి వచ్చి ఒకే చోట కలిశాయి. సంస్కృతంలో అవి విద్ధి, ఏధి అని విడివిడిగానే ఉన్నాయి. గ్రీకు వాక్యంలో ఏది ఏదో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

ప్రథమ పురుష విధి ‘ఇస్తో’, ‘తెలియుగాక’ అని. ప్రమాణాలకు దీన్ని వాడేవారు. హోమర్ కావ్యం ఇలియడ్‌లో హేరా దేవత ఒట్టు పెట్టుకుంటూ భూమికీ ఆకాశానికీ ఈ మాట తెలియుగాక అంటుంది. తెలుగులో ‘భూమ్యాకాశాల సాక్షిగా’ అన్నట్టు. ప్లేటో రాసిన ఫైడో సంభాషణలో థీబ్స్ నగరవాసి కెబేస్ చిన్నగా నవ్వి తన సొంత యాసలో ‘ఇత్తో జ్యూస్’ అంటాడు, జ్యూస్ దేవుడికే తెలియాలి అని. ఏథెన్స్ వాళ్ల ‘ఇస్తో’ అతని యాసలో ‘ఇత్తో’. మరణం గురించిన గంభీరమైన చర్చ మధ్యలో ప్లేటో ఆ యాసను అలాగే దించడం ఆ సన్నివేశానికి ప్రాణం పోసింది.

మిగతా రూపాలను చకచకా చూడవచ్చు. సంభావనార్థకాల్లోనూ అసమాపక రూపాల్లోనూ ధాతువు ‘ఎయ్‌ద్’ అనే మూడో వేషం కడుతుంది: ఎయ్‌దో, ఎయ్‌దెయేన్, ‘తెలియడం’ అనే అర్థంలో ఎయ్‌దెనయ్. భవిష్యత్తుకు ఎయ్‌సొమయ్. భూతకాలానికి, అంటే ‘తెలిసి ఉండేది’ అనడానికి, ప్లూపర్ఫెక్ట్ రూపమైన ‘ఏయ్‌దే’. వర్తమానానికి పర్ఫెక్ట్‌ను వాడుకున్నాక భూతానికి ఇంకో మెట్టు వెనక్కి వెళ్లక తప్పలేదు.

కృదంతం దగ్గర మాత్రం ఆగాలి. పురుషుడికి ‘ఎయ్‌దోస్’, అంటే తెలిసినవాడు. స్త్రీకి ‘ఎయ్‌దుయ్య’, హోమర్‌లో ‘ఇదుయ్య’. సంస్కృతంలో వీటి జోడీలు విద్వాన్, విదుషీ. విదుషీ, ఇదుయ్య అనే రెండు రూపాలు వినడానికి దూరంగా ఉన్నా, అచ్చుల మధ్య సకారాన్ని గ్రీకు సహజంగానే జారవిడుస్తుందని తెలిస్తే ఆ దూరం పోతుంది. ప్రాచ్య భాషా పరీక్ష పాసై పేరు ముందు ‘విద్వాన్’ అని పెట్టుకున్న తెలుగు పండితుల బిరుదుకు, సోక్రటీస్ తన కాలపు పెద్దమనుషులకు నిరాకరించిన ‘ఎయ్‌దోస్’కు వ్యాకరణం ఒక్కటే.

పోయిన వకారం

వేదలో వకారం ఉంది, విదెఓలో ఉంది, గోతిక్ వైట్‌లో ఉంది. ఒయ్‌దలో ఏమైంది? ఒకప్పుడు గ్రీకులోనూ ఉండేది. దానికి ప్రత్యేకంగా ఒక అక్షరం ఉండేది, దిగమ్మ అని పేరు. ఏథెన్స్ మాండలికంలో ఆ ధ్వని రాతలకెక్కేలోపే పోయింది. దక్షిణ గ్రీసులోని పిలోస్ రాజభవనంలో దొరికిన, క్రీస్తు పూర్వం 1200 ప్రాంతపు మట్టి ఫలకాల్లో ఒకటి ‘ఒ-వి-దె’ అని మొదలవుతుంది. ఫలానా అధికారి ‘ఇలా చూశాడు’ అని సామాన్ల జాబితాకు పీఠిక అది. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపిని ఛేదించాక ఈ ‘విదె’ బయటపడింది. సంస్కృత ‘అవిదత్’కు, అంటే ‘కనుగొన్నాడు’ అనే రూపానికి, ఇది తోబుట్టువు.

హోమర్ కావ్యాలు మనకు అందిన రాతల్లో వకారం లేదు, కానీ ఛందస్సులో దాని ఖాళీ కనిపిస్తుంది. ఇలియడ్ రెండో సర్గలో ఓడల పట్టిక మొదలుపెట్టే ముందు కవి కావ్యదేవతలను పిలుస్తాడు. మీరు దేవతలు, అక్కడే ఉన్నారు, మీకు అన్నీ తెలుసు. మాకు చెవిన పడిన కీర్తి తప్ప ఏమీ తెలియదు అని ఆ రెండు పాదాల భావం. అందులో ‘తె ఇస్తె’ అనీ ‘తి ఇద్మెన్’ అనీ రెండు చోట్ల అచ్చు పక్కన అచ్చు వచ్చింది. మామూలుగా గ్రీకు ఛందస్సు దీన్ని సహించదు, సంధి చేసేస్తుంది. ‘తె విస్తె’, ‘తి విద్మెన్’ అని చదివితే ఇబ్బందే లేదు. ఈ రహస్యాన్ని 18వ శతాబ్దం తొలి దశకాల్లో ఇంగ్లండులో రిచర్డ్ బెంట్లీ అనే గ్రీకు పండితుడు పట్టుకున్నాడు. తెలుగు పద్యంలో ప్రాసస్థానం చూసి ర, ఱ ఒకప్పుడు వేర్వేరుగా పలికేవని తేల్చడం లాంటి పనే ఇది. నోరు మరిచిపోయినదాన్ని ఛందస్సు దాచిపెడుతుంది. పైగా ఇలా బయటపడిన ‘విద్మెన్’ను సంస్కృత ‘విద్మ’ పక్కన పెట్టి చూపితే ఇక వివరణ అవసరం లేదు.

కన్ను ఎంతవరకు?

ఆ రెండు పాదాలు అర్థం విషయంలోనూ కీలకం. దేవతలకు ఎందుకు తెలుసు? అక్కడే ఉన్నారు కనుక. కవికి ఎందుకు తెలియదు? విన్నాడు కనుక. చూసినదాన్నే తెలిసినదిగా, విన్నదాన్ని వట్టి ప్రచారంగా వేరు చేస్తున్నాడు హోమర్. ఒయ్‌దకు చూపుతో ఉన్న బంధం ఇక్కడ వాడుకలోనే బయటపడుతోంది, ధాతువును తవ్వాల్సిన పని లేదు.

అయితే దీన్ని పట్టుకుని ‘గ్రీకులకు చూపే జ్ఞానం’ అని సూత్రీకరించే రచనలు చాలా వస్తుంటాయి. అక్కడ జాగ్రత్త పడాలి. ధాతువు ఎక్కడి నుంచి వచ్చిందో, మాట్లాడేవాడి మనసులో ఏముందో రెండూ వేర్వేరు విషయాలు. అదే ధాతువు మనకు వేదం అనే మాటనిచ్చింది. ఆ వేదానికి మన సంప్రదాయం పెట్టిన ఇంకో పేరు శ్రుతి, అంటే విన్నది. ఋషులను మంత్రద్రష్టలు అనీ అన్నారు, మంత్రాన్ని చూసినవాళ్లని. ఒకే విజ్ఞానాన్ని కంటితోనూ చెవితోనూ వర్ణించడానికి ఎవరికీ అడ్డు రాలేదు. ధాత్వర్థం ఆలోచనను కట్టిపడేసి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు.

గ్రీకులోనే ఎదురు ఉదాహరణ ఉంది. ఇలియడ్ మొదటి సర్గలో జోస్యుడు కల్ఖాస్ గురించి, ఉన్నవీ రాబోయేవీ పోయినవీ ‘ఏయ్‌దే’, అతనికి తెలిసేవి అంటాడు కవి. త్రికాలజ్ఞుడన్నమాట. రాబోయేదాన్ని కళ్లారా చూసినవాడెవడు? సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ రాజుకు నిజం చెప్పేది గుడ్డి జోస్యుడు టైరీసియస్. అక్కడ సోఫోక్లిస్ ఒక శ్లేష ఆడతాడు. ఈడిపస్ గ్రీకు పేరు ఒయ్‌దిపూస్, అర్థం ‘వాచిన పాదాలవాడు’. ఆ ‘ఒయ్‌ద్’ వాపును చెప్పే వేరే ధాతువు, వైద్యంలో ‘ఎడీమా’ అనే మాటకు మూలం. కానీ చెవికి అది ‘తెలుసు’లానే వినిపిస్తుంది. జోస్యుణ్ణి వెటకారం చేస్తూ రాజు తనను తాను ‘మేదెన్ ఎయ్‌దోస్ ఒయ్‌దిపూస్’ అంటాడు, ఏమీ తెలియని ఈడిపస్ అని. స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పినవాణ్ణన్న గర్వంతో అన్న మాట అది. తాను ఎవరి కొడుకో, ఎవరి భర్తో తెలియనివాడి నోట అది అక్షరాలా నిజం. కళ్లున్నప్పుడు తెలియనివాడు తెలిశాక కళ్లు పొడుచుకుంటాడు. చూపు, ఎరుక మధ్య గీతను ఇంత క్రూరంగా చెరిపి మళ్లీ గీసిన నాటకం ఇంకొకటి దొరకదు.

హోమర్‌లో ఇంకో వాడుక తెలుగువాళ్లకు సులువుగా అందుతుంది, మిగతా అనువాదకులను మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఒంటికన్ను రాక్షసుడు పాలిఫెమస్ గురించి ‘అథెమిస్తియ ఏయ్‌దే’ అంటాడు, మాటకు మాట అయితే ‘అధర్మాలు తెలిసినవాడు’ అని. వాడికి శాస్త్రజ్ఞానం ఉందని కాదు, వాడి నడత అలాంటిదని. మనం ‘మర్యాద తెలిసినవాడు’, ‘చిన్నంతరం పెద్దంతరం తెలియదు’, ‘సిగ్గు ఎరగడు’ అనేటప్పుడు తెలియడం అంటే స్వభావమే. అలాగే ‘ఖరిన్ ఒయ్‌ద’ అంటే ‘మేలు తెలుసు’, అనగా కృతజ్ఞత కలిగి ఉన్నాను. మన ‘కృతజ్ఞుడు’ అనే మాట కూడా ‘చేసినది ఎరిగినవాడు’ అనే కదా.

వాక్యనిర్మాణంలో ఒయ్‌ద పక్కన ఏ రూపం వస్తుందనే దాన్ని బట్టి అర్థం మారుతుంది. తుమర్థక రూపం (‘చేయడం’ లాంటిది) వస్తే ‘ఎలా చేయాలో తెలుసు’. కృదంతం వస్తే ‘అది జరుగుతున్నదని తెలుసు’. ఈత కొట్టడం తెలుసు అన్నదానికీ, కొడుతున్నాడని తెలుసు అన్నదానికీ ఉన్న తేడా ఇది. మొదటిది నేర్పు, రెండోది వాస్తవం.

తెలుసు అనే భ్రమ

ఒయ్‌దకు తత్వశాస్త్రంలో పేరు తెచ్చింది సోక్రటీస్ విచారణ. ‘నాకేమీ తెలియదన్న ఒక్క సంగతే నాకు తెలుసు’ అనే వాక్యం ఆయన పేరుతో ప్రచారంలో ఉంది. ఆ విచారణలో సోక్రటీస్ చేసిన వాదనగా ప్లేటో రాసిన అపాలజీలో ఆ వాక్యం లేదు. ఉన్నది ఇంకా జాగ్రత్తైన మాట. పేరున్న ఒక రాజకీయ నాయకుడితో మాట్లాడి వచ్చాక సోక్రటీస్ అనుకున్నది ఇది: ఇతను తెలియకపోయినా ఏదో తెలుసనుకుంటున్నాడు, నాకు తెలియదు కాబట్టి తెలుసని అనుకోను కూడా. గ్రీకులో ఇక్కడ ఒయ్‌దకు ఎదురుగా నిలబడేది ‘ఒయొమయ్’, ‘అనుకుంటున్నాను’ అనే క్రియ. వినడానికి దగ్గరగా ఉన్న ఈ రెండు మాటల మధ్య వాక్యం అటూ ఇటూ ఊగుతుంది. ప్రచారంలో ఉన్న సూక్తి ఒక చమత్కారపు వైరుధ్యం. ప్లేటో వాక్యంలో వైరుధ్యం లేదు, తెలియడానికీ తెలుసనుకోవడానికీ మధ్య గీత ఉంది.

ఆ సందర్భంలోనే ఆయన ‘సునొయ్‌ద’ అనే సమాసక్రియను వాడతాడు. ‘నాతో నేను ఎరుగుదును’ అని. పెద్ద విషయంలో గానీ చిన్న విషయంలో గానీ నేను జ్ఞానినని నా లోపల నాకు తెలియదే అంటాడు. ఈ క్రియ నుంచే ‘సునెయ్‌దేసిస్’ పుట్టింది, కొత్త నిబంధనలో అంతరాత్మకు వాడిన మాట అది. తెలుగు బైబిలు దానికి మనస్సాక్షి అని పెట్టింది. సాక్షి అంటే కళ్లతో ఉన్నవాడు. గ్రీకు మాటలో అడుగున దాగిన చూపు తెలుగులోకి వేరే దారిన వచ్చి చేరింది. అనువాదకులు అది ఉద్దేశించి ఉండరు.

జ్ఞానాన్ని చెప్పడానికి గ్రీకులో ఒయ్‌ద ఒక్కటే లేదు. ‘గిగ్నోస్కో’ అంటే గుర్తించడం, తెలుసుకోవడం, మన ‘జ్ఞా’ ధాతువుకు చుట్టం. డెల్ఫీ గుడి దగ్గరి ‘నిన్ను నువ్వు తెలుసుకో’ ఈ క్రియదే. ‘ఎపిస్తమయ్’ ఒక విద్యలో పట్టు ఉండడం. అరిస్టాటిల్ మెటాఫిజిక్స్ మొదటి వాక్యంలో ఈ మూడింటిలో ఎయ్‌దెనయ్‌ను ఎంచుకున్నాడు: మనుషులందరూ స్వభావసిద్ధంగా తెలియడాన్ని కోరుకుంటారు. వెంటనే దానికి గుర్తుగా ఇంద్రియాల మీద మనకున్న మక్కువను, అందులోనూ చూపు మీద మక్కువను చెబుతాడు. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ఇక ఇదే ధాతువు కాపు చూస్తే, ఆకారం అనే ‘ఎయ్‌దొస్’, ప్లేటో చేతిలో పడి లోకమంతా తిరిగిన ‘ఇదెఆ’, అంటే మన ఐడియా, ప్రతిబింబం అనే ‘ఎయ్‌దోలొన్’ కనిపిస్తాయి. ‘హిస్తోర్’ అంటే చూసి తెలిసినవాడు, తగవు తీర్చేవాడు. హెరొడోటస్ తన గ్రంథానికి పెట్టుకున్న ‘హిస్తొరియే’, అంటే విచారణ, ఆ మాట నుంచే వచ్చి చివరికి హిస్టరీ అయింది.

చదును

అలెగ్జాండర్ తర్వాత గ్రీకు ఎందరెందరికో రెండో భాష అయింది. అప్పుడు ఒయ్‌ద పట్టిక చదునైంది. ఒయ్‌ద, ఒయ్‌దస్, ఒయ్‌దె, ఒయ్‌దమెన్, ఒయ్‌దతె, ఒయ్‌దసి. ఇస్మెన్ పోయింది, ఒయ్‌స్థ పోయింది. ఇస్తె, ఇసాసి అక్కడక్కడ మిగిలాయి. కొత్త నిబంధన ఈ భాషలోనే ఉంది. సిలువ మీద యేసు అన్న మాట తెలుగులో “వీరేమి చేయుచున్నారో వీరెరుగరు”, గ్రీకులో ‘ఊ గర్ ఒయ్‌దసిన్’. ఏథెన్స్ వాడైతే అక్కడ ‘ఇసాసిన్’ అని ఉండేవాడు.

క్రైస్తవ ప్రసంగాల్లో ఒక వాదన తరచూ వినిపిస్తుంది. ఒయ్‌ద అంటే సహజంగా కలిగిన సంపూర్ణ జ్ఞానమనీ, గిగ్నోస్కో అంటే అనుభవంతో వచ్చినదనీ. ప్రాచీన ఏథెన్స్ రచనల్లో కొంత తేడా చూపవచ్చు. కొత్త నిబంధనలో దాన్ని ప్రతి వచనానికీ అంటగట్టడం బలవంతమే. యోహాను సువార్త 21వ అధ్యాయంలో పేతురు ఒకే ఊపిరిలో రెండూ అంటాడు: నీకు అన్నీ తెలుసు అని ఒయ్‌దతో, నిన్ను ప్రేమిస్తున్నానని నీకు తెలుసు అని రెండో క్రియతో. తెలుగు అనువాదకులు రెండు చోట్లా ‘ఎరుగు’నే వాడారు. వాళ్లు ఏదో పోగొట్టారని అనడానికి ఆధారం లేదు.

తెలుగు ఈ కుటుంబంలోది కాదు. ద్రావిడ భాషలు వేరే కుటుంబమని 1816లోనే మద్రాసులో పనిచేసిన ఆంగ్లేయ అధికారి ఎల్లిస్ చూపాడు. ‘తెలియు’కు మూలం చూపు కాదు, తేటదనం: తెల్ల, తెలుపు, తెలివి అన్నీ దాని తోబుట్టువులు. ‘తెలుసు’ మాత్రం ఒక విషయంలో ఒయ్‌దలాంటిదే. అది కూడా మామూలు క్రియల పట్టికలో ఇమడదు. నాకు తెలుసు, నీకు తెలుసు, వాళ్లకు తెలుసు, పురుష మారినా రూపం మారదు.

నేటి గ్రీకులో ఒయ్‌ద వాడుక నుంచి తప్పుకుంది. మిగిలింది ఒకటి రెండు నుడికారాల్లోనే. ‘కీరియొస్ ఈదె’, ‘దేవుడికే తెలుసు’ అనేది వాటిలో ఒకటి, ఉచ్చారణ మారి ఒయ్ కాస్తా ఈ అయింది. మామూలుగా ‘తెలుసు’ అనడానికి ఇప్పుడు ‘క్సెరో’ అంటారు. ఇది ‘ఎక్సెవ్‌రిస్కో’, అంటే ‘వెతికి కనుక్కోవడం’ అనే పాత క్రియ తాలూకు భూతరూపాల నుంచి అరిగి వచ్చింది. కనుక్కున్నాను, కనుక ఇప్పుడు తెలుసు. ఒయ్‌ద నడిచిన దారినే, వేరే ధాతువుతో, భాష రెండోసారి నడిచింది. ఈ కొత్త క్రియ కూడా లోటుతోనే పుట్టింది. మిగతా గ్రీకు క్రియలకు భూతకాలంలో రెండు రూపాలుంటాయి, సాగుతున్న పనికి ఒకటి, ముగిసిన పనికి ఒకటి. క్సెరోకు ఉన్నది ‘ఈక్సెర’ ఒక్కటే, రెండింటికీ అదే సరిపెట్టుకుంటుంది.